అద్దె కారులో ఆంటీ సైకిల్

పోయిన నెలలో అద్దె కారు తీసుకోవడానికి వెళ్తే, కౌంటర్లో మనిషి షరతుల కాగితం నా ముందు పెట్టి ఒక్కో వరస మీదా వేలు పెడుతూ చదివాడు. కారులో పొగ తాగకూడదు. కుక్కని ఎక్కించకూడదు. టాపు మీద సైకిల్ కట్టకూడదు. మూడోదాని దగ్గర నాకు నవ్వొచ్చింది. పక్కనే ఉన్న మా ఆవిడ సుజాతకీ వచ్చింది గానీ, ఆ నవ్వు సగం దారిలో ముక్కు తుడుచుకోవడంలోకి మళ్ళింది. కౌంటర్ మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఏమైనా సందేహాలున్నాయా అని అడిగాడు.

"టాపు మీద వద్దు సరే, లోపల పెట్టుకోవచ్చా?" అన్నాను.

ఆ ప్రశ్న నేను అద్దె కార్ల కౌంటర్లో అడగడం అది ఐదోసారి. మొదటి నాలుగుసార్లూ ఒకావిడ కోసం అడిగాను. ఈసారి ఊరికే, నోటి అలవాటు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

పేరు రాయను. రాస్తే ఇంగ్లండ్‌లో మా ఊరు మిల్టన్ కీన్స్‌లో ఉన్న తెలుగువాళ్ళలో సగంమంది గుర్తుపడతారు. మిగతా సగం ఆవిడ చేత సూదిమందు పొడిపించుకున్నవాళ్ళు కాబట్టి పేరు లేకపోయినా గుర్తుపడతారు. ఆస్పత్రిలో అదే వార్డులో పనిచేసే సుజాతకి ఆవిడ సిస్టర్. మిగతా అందరికీ ఆంటీ. బడికీ నాకూ తొమ్మిదో తరగతిలోనే చెడింది, అందుకని పుట్టిన ఊరు దగ్గర మొదలుపెట్టి మనిషి జీవితం మొత్తం రాయడం నాకు చేతకాదు. ఆ వివరాలు కావలసినవాళ్ళు వాళ్ళమ్మాయి షీబాని అడగండి. నాకు బాగా గుర్తున్నవి ఆవిడ రెండు వేళ్ళు, ఒక బెల్లు.

ముందు వేళ్ళ సంగతి. ఆంటీ చెయ్యి పట్టుకుని మాట్లాడే మనిషి. "బాగున్నావా అయ్యా" అంటూ మన చెయ్యి అందుకునేది. మనం అబ్బ, ఎంత ఆప్యాయత అనుకుంటూ ఉండగానే రెండు వేళ్ళు మణికట్టు మీదికి జారేవి. ఎడమ భుజం కింద తలకిందులుగా వేలాడే నర్సుల గడియారం ఒకటి ఉండేది. యూనిఫాం మీదే కాదు, ఆదివారం చర్చికి కట్టుకునే పట్టుచీర మీద కూడా అది ఉండాల్సిందే. దానివైపు ఓ చూపు చూసి, మన కబుర్ల మధ్యలో తీర్పు చెప్పేది.

"ఎనభై ఎనిమిది. ఏంది కంగారు?"

"ఏమీ లేదండీ ఆంటీ."

"తొంభై రెండు. ఇప్పుడు అబద్ధం కూడా కలిసింది."

మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటు ఆవిడకి దణ్ణం పెట్టి నమస్కారమనేవాడు గానీ చెయ్యి మాత్రం అందించేవాడు కాదు.

ఇక బెల్లు. మిల్టన్ కీన్స్‌లో కారు లేని మనిషి అంటే ఇంట్లో ఉప్పు లేనట్టే. గళ్ళు గీసినట్టు రోడ్లు, ప్రతి గడి మూలా ఒక రౌండబౌట్. ఆ రోడ్ల పక్కన, చెట్ల వెనక, సైకిళ్ళ కోసం ఎర్ర రంగు బాటలు వేసి రెడ్‌వేలని పేరు పెట్టారు. అవి ఆంటీ కోసమే వేశారని నా అనుమానం. పాత సామాన్లు అమ్మే చారిటీ షాపులో కొన్న ఆకుపచ్చ లేడీస్ సైకిల్ మీద, చీర మీద చీకట్లో మెరిసే పసుపు హై-విజ్ జాకెట్ వేసుకుని, ముందు బుట్టలో టిఫిన్ డబ్బా పెట్టుకుని డ్యూటీకి వెళ్ళేది. మనిషి కనిపిస్తే బెల్లు, కుక్క కనిపిస్తే బెల్లు. అండర్‌పాస్‌లో ఎవరూ లేకపోయినా బెల్లే. ఎవరూ లేనప్పుడు ఎందుకండీ అని ఓసారి అడిగాను.

"ఉన్నారేమో చూసుకోవాలి కదయ్యా. చీకట్లో ఉన్నోళ్ళు మేమున్నామని చెబుతారా?"

నైట్ డ్యూటీలో వార్డు తలుపు తీసేటప్పుడు కూడా గొంతుతో టింగ్ అనేదట. సుజాత చెప్పింది.

మూడోది కూడా ఉంది. ఆస్పత్రిలో డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకి రోగుల సంగతంతా ఒప్పజెప్పి వెళ్ళాలి. ఏ మంచం మీద ఎవరు, రాత్రి ఏం జరిగింది, ఏ మందు ఇచ్చారు, ఏది మర్చిపోయారు, అన్నీ ఉన్నదున్నట్టు. దాన్ని హ్యాండోవర్ అంటారు. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసీ చేసీ ఆంటీకి మామూలు మాటలు కూడా అలాగే వచ్చేవి. మా ఇంట్లో భోజనం చేసి వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడి సుజాతకి అప్పజెప్పేది.

"పప్పు ఏడున్నరకి దించా. ఉప్పు ఒకసారే వేశా. రెండోసారి మీ ఆయన వేశాడు, నేను చూశా. పెరుగు మూత సరిగ్గా పట్టలా. మీ ఆయన మూడు గారెలు తిన్నానన్నాడు, ఐదు తిన్నాడు. పోయొస్తా."

ఇలా ఊళ్ళో అందరి సంగతీ అందరికీ ఒప్పజెప్పే మనిషి, సొంత సంగతి మాత్రం సొంత కూతురికి చెప్పలేదు. గొడవంతా అక్కడ మొదలైంది.

ఒక జనవరిలో రెడ్‌వే మీద మంచు గడ్డకట్టి ఉంటే ఆంటీ సైకిల్ జారి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. లేవలేక అక్కడే కాసేపు పడుకుందట. ఆ కాసేపట్లో ఏం చేసిందయ్యా అంటే కుడి చేత్తో మెడ దగ్గర తన పల్స్ తనే చూసుకుందట. తొంభై ఆరు. పరవాలేదనుకుందట. కుక్కని తిప్పడానికి వచ్చిన ఒకాయన చూసి అంబులెన్స్ పిలిచాడు. లండన్‌లో ఉన్న షీబాకి ఆ సాయంత్రం ఫోన్ చేసి ఆంటీ చెప్పిన హ్యాండోవర్ ఇదీ: "ఇవాళ కొంచెం జారానమ్మా. నువ్వు భోంచేశావా?"

మూడు రోజుల తర్వాత, సంగతి తెలిసే ఉంటుందనుకుని మా సుజాత షీబాతో కట్టు గురించి మాట్లాడింది. ఆ రాత్రికి షీబా మిల్టన్ కీన్స్‌లో ఉంది.

షీబాది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఏది ఎప్పుడు విరుగుతుందో లెక్కలు కట్టే పని. చిన్నప్పటి నుంచీ ఇక్కడే పెరిగింది కాబట్టి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది, అదీ టీవీలో వార్తలు చదివేవాళ్ళ ఇంగ్లీషు. కోపం ముదిరితే మాత్రం మధ్యలో తెలుగు ముక్కలు పడతాయి. ఆ రోజు చాలా పడ్డాయి.

"యూ టెల్ ఎవ్రీవన్ ఎవ్రీథింగ్, మమ్. పప్పులో ఉప్పు సంగతి సుజాత ఆంటీకి చెబుతావు. నాకు నీ చెయ్యి విరిగితే చెప్పవు."

"కంగారు పడతావని చెప్పలా."

"ఇప్పుడు పడట్లేదా?"

 ఆంటీ కూతురి చెయ్యి అందుకోబోయింది. షీబా రెండు చేతులూ కట్టుకుని కూర్చుంది. అమ్మ వేళ్ళ సంగతి తెలిసిన పిల్ల.

కట్టు విప్పిన రోజు నుంచీ సైకిల్ తీసేయమని షీబా, తీయనని ఆంటీ. చివరికి ఎండాకాలం వచ్చేసరికి ఒక పందెం కుదిరింది. మా రెండు కుటుంబాలూ కలిసి వేల్స్‌కి హాలిడే వెళ్తున్నాం. అక్కడ ఒకప్పుడు రైలు నడిచిన దారిని ఇప్పుడు సైకిల్ బాట చేశారు. తొమ్మిది మైళ్ళు, నది పక్కనే వెళ్ళి సముద్రం దగ్గర తేలుతుంది. ఆ తొమ్మిది మైళ్ళూ ఆంటీ తన సైకిల్ మీద తొక్కాలి. ఆగొచ్చు, నీళ్ళు తాగొచ్చు. దిగి తోసుకుంటూ నడిస్తే మాత్రం ఓడినట్టే. గెలిస్తే షీబా మళ్ళీ ఆ మాట ఎత్తదు. ఓడితే ఆకుపచ్చ సైకిల్ ఏ చారిటీ షాపు నుంచి వచ్చిందో ఆ షాపుకే పోతుంది. నన్ను అంపైర్‌ని చేశారు. నేను సైకిల్ తొక్కి పదేళ్ళయిందని చెబితే ఎవరూ వినిపించుకోలేదు.

నా కారు చిన్నది, పైగా గ్యారేజీలో ఉంది. అందుకని వెనక డిక్కీ పొడుగ్గా ఉన్న పెద్ద కారు అద్దెకి తీసుకున్నాను. టాపు మీద సైకిల్ కట్టకూడదన్నారు, లోపలే పెట్టాం. అది పెట్టడం అనే పని చెబితే ఒక పూట పడుతుంది, చేస్తే కూడా అంతే పట్టింది. వెనక సీటులో మూడో వంతు మడిచాను. సైకిల్ ముందు చక్రం విప్పాను. గొలుసు నూనె అద్దె కారుకి అంటుకోకుండా ఆంటీ కింద పక్కమీద వేసే ప్యాడ్లు పరిచింది, మంచం దిగలేని రోగుల కింద వేస్తారే, అవి. ఆస్పత్రివి కాదు, సొంతంగా కొన్నవని మూడుసార్లు చెప్పింది. తర్వాత సైకిల్‌కి పాత నేత చీర ఒకటి నిలువునా చుట్టి, బాలింతకి నడికట్టు కట్టినట్టు గట్టిగా ముడేసింది. లోపలికి తోస్తే హ్యాండిల్ మాత్రం వెనక సీట్లో కూర్చునే ఇద్దరి భుజాల మధ్యకీ వచ్చి ఆగింది. ఆ ఇద్దరూ ఆంటీ, షీబా.

విప్పిన ముందు చక్రం నా చేతిలో ఉంది. సామాన్లన్నీ సర్దాక ఆఖరున దాన్ని పైన పడుకోబెడదామని నా ప్లాను. ఈలోగా ఆంటీ అందరినీ కారు చుట్టూ నిలబెట్టింది. ప్రార్థన.

ఆంటీ చర్చి మనిషి. మేం గుడి మనుషులం. కానీ ఆంటీ ప్రార్థన చేయకుండా బండి కదలదని మాకూ తెలుసు. చేతులు చేతులు పట్టుకోవాలి కాబట్టి చక్రాన్ని పక్కింటి మొక్కల కంచెకి, హెడ్జ్‌కి, ఆనించాను. ఆంటీ ఇంజను దగ్గర మొదలుపెట్టింది. బ్రేకులు, నాలుగు టైర్లు, స్పేర్ టైరు, కారు అద్దెకిచ్చిన కంపెనీ ఉద్యోగులు, మోటార్‌వే మీద నిద్రపోకుండా లారీలు తోలే డ్రైవర్లు, ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడికి ఒప్పజెప్పింది. "ఈ బిడ్డ కాలు యాక్సిలరేటర్ మీద తేలిగ్గా ఉండేట్టు చూడు తండ్రీ" అన్నప్పుడు నా చెయ్యి కొంచెం నొక్కింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పరాయి మతంవాణ్ణి కదా, మర్యాదకి వాళ్ళకంటే గట్టిగా మూసుకోవాలనిపించింది. పావుగంటకి ఆమెన్ వచ్చింది. కళ్ళు తెరిస్తే ఎండ. అందరం హాయిగా కారెక్కి బయలుదేరాం.

రౌండబౌట్ తిరిగినప్పుడల్లా చీరలో ఉన్న సైకిల్ ఒక పక్కకి ఒరిగి, బెల్లు షీబా చెవి దగ్గర దానంతటదే టింగ్ అనేది. మిల్టన్ కీన్స్‌లో రౌండబౌట్లు ఎన్నో నాకు ఆ రోజే తెలిసింది.

"మమ్, ఇట్స్ ఇన్ మై హెయిర్."

"కొంచెం సర్దుకో అమ్మా. దానికి కూడా హాలిడేనే కదా."

బర్మింగ్‌హామ్ దాటాక మోటార్‌వే పక్కన సర్వీసెస్‌లో ఆగాం. కారు పక్కన బల్ల మీద సుజాత పులిహోర డబ్బా మూత తీసి, చేతులు కడుక్కున్నావా అని నన్ను అడిగింది. చూసుకున్నాను. కుడి అరచేతిలో టైరు మరక నల్లగా, గళ్ళు గళ్ళుగా అచ్చుపడి ఉంది. చెయ్యి ఉంది. మరక ఉంది. టైరు ఏది?

 ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి జోకులు వేయడం మొదలుపెట్టాను. మా ఊరి కోళ్ళ ఫారం జోకు వేశాను, అత్తగారి జోకు వేశాను, ఎప్పుడో మానేసిన ఏనుగు జోకు కూడా వేశాను. ఆంటీ టీ కప్పు అందిస్తూ నా చెయ్యి పట్టుకుంది. కప్పు నాకు అందింది గానీ చెయ్యి వదల్లేదు.

"నూటపద్దెనిమిది," అంది. "కూర్చుని బండి తోలే మనిషికి ఇంత ఉండకూడదు. ఏం చేశావు?"

"ఏం లేదండీ ఆంటీ."

"నూటపాతిక."

"చక్రమండి."

"ఏ చక్రం?"

"ముందుదండి. హెడ్జ్ దగ్గరుందండి."

ఆంటీ చెయ్యి వదిలేసింది. సుజాత డబ్బా మూత పెట్టేసింది, ఇక నాకు పులిహోర లేదన్నట్టు. షీబా మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, పాపం, న్యాయంగానే మాట్లాడింది. "సో దట్స్ ఇట్, మమ్. నో వీల్, నో రైడ్. తొక్కకపోతే ఓడినట్టే కదా?"

"నేను వెనక్కెళ్ళి తెస్తానండి," అన్నాను.

"వద్దు. అందరి హాలిడే రోడ్డు మీదే అయిపోద్ది." ఆంటీ నా వంక చూసింది. "ప్రార్థనప్పుడు సామాన్లు చూసే మనిషి ఒకడుండాలయ్యా. మీ దేవుడు వేరే కదా, నువ్వన్నా కళ్ళు తెరిచి ఉంటావనుకున్నా."

"మర్యాద కోసం మూశానండి."

"మర్యాదకి కొంచెం మూస్తే చాలు."

పక్కింటాయనకి ఫోన్ చేస్తే చక్రం తన షెడ్డులో భద్రంగా ఉందన్నాడు. చెత్త ఎత్తే బిన్ లారీవాళ్ళు చూడకముందే తీసి లోపల పెట్టాడట. మీరందరూ కళ్ళు మూసుకుని నిలబడటం కిటికీలోంచి చూశాను, అంత ముఖ్యమైన పనిలో ఉన్నప్పుడు పిలవడం బాగుండదని ఊరుకున్నాను అన్నాడు. ఆ రోజు మర్యాద ఎక్కువైంది నాకొక్కడికే కాదు.

మర్నాడు పొద్దున సైకిల్ బాట మొదట్లో ఉన్న ఊరికి వెళ్ళాం. ఆ ఊరి పేరు చెప్పమంటే చెప్పలేను, అందులో అచ్చులు వెతుక్కోవాలి. అక్కడ సైకిళ్ళు అద్దెకిచ్చే షాపు నడిపేది ఆంటీ వయసు ఆవిడే. మోచేతుల దాకా గ్రీజు. నాకు ఒక సైకిల్ ఇచ్చి, ఆంటీకి కూడా ఒకటి ఇస్తానంది. ఆంటీ ఒప్పుకోలేదు.

"పరాయి సైకిల్ మీద గెలిస్తే నా సైకిల్‌కి ఏం లాభం?" అని మాతో అని, ఆవిడ్ని తీసుకెళ్ళి కారు డిక్కీ తెరిచి చూపించింది. షాపావిడ చీర ముడి విప్పి, మూడు చక్రాల్లో ఒకటి లేని పిల్లల బొమ్మని చూసినట్టు చూసింది. ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. మిల్టన్ కీన్స్ అంది ఆంటీ. కాదు, అసలు ఎక్కడి నుంచి అంది ఆవిడ. "వార్డు పదిహేడు," అంది ఆంటీ. షాపావిడ పడీపడీ నవ్వి, వెనక నుంచి ఒక పాత చక్రం తెచ్చి బిగించింది. లావుపాటి టైరు, నారింజ రంగు రిమ్ము. ఆకుపచ్చ సైకిల్‌కి అది వేస్తే ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు వేసినట్టుంది. బ్రేకు పడుతోందో లేదో ఆవిడ నాలుగుసార్లు చూసింది. షీబా ఎనిమిదిసార్లు చూసింది.

సుజాతా షీబా కారులో అవతలి చివరకి వెళ్ళారు. ఆంటీ ముందు, నేను వెనక బయలుదేరాం.

మొదటి ఏడు మైళ్ళ గురించి చెప్పడానికి ఏమీ లేదు, నా నడుం గురించి తప్ప. ఒక పక్క నది, ఒక పక్క కొండ, బాట చదునుగా ఉంది. ఆంటీ హై-విజ్ జాకెట్ గాలికి ఉబ్బి ముందు వెళ్తూ ఉంటే పసుపు బెలూన్ వెనక నేను దారం పట్టుకుని పరుగెడుతున్నట్టుంది. గొర్రెలకి బెల్లు కొట్టింది. కొంగలకి కొట్టింది. రెండుచోట్ల ఆగి నీళ్ళు తాగాం. "అంపైర్‌కి ఆయాసం ఎక్కువైంది, రాసుకో," అంది.

ఎనిమిదో మైలు దగ్గర బాట మళ్ళించారు. పాత వంతెనకి రిపేరు చేస్తున్నారట. పక్క సందులోంచి ఒక చిన్న మెరక ఎక్కి దిగాలి. పెద్దదేం కాదు, మన ఊళ్ళలో కాలవ గట్టు అంత. ఆంటీ బెల్లు కొట్టి ఎక్కడం మొదలుపెట్టింది. సగం దాకా బాగానే వెళ్ళింది. ఆ తర్వాత లావు చక్రం ఒకసారి అటూ ఇటూ ఊగింది. ఆంటీ దిగింది. హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ నడిచింది. నేనూ దిగి వెనకే నడిచాను. నోట్లో అంకెలు లెక్కపెడుతోందని దగ్గరికి వెళ్ళాక తెలిసింది. మెరక పైన ఆగింది.

"ముప్ఫై రెండు," అంది.

"పల్సా అండీ?"

"అడుగులయ్యా."

అక్కడొక రాతి గోడ ఉంటే దాని మీద కూర్చుంది. ఆంటీ ముఖంలో నవ్వు లేకుండా చూడటం నాకు అదే మొదటిసారి. ఎదురుగా చివరి మైలంతా దిగుడే. దూరంగా సముద్రం కనిపిస్తోంది. చుట్టూ ఎవరూ లేరు.

"నేనేం చూడలేదండి," అన్నాను.

"చూశావుగా."

"గొర్రెలు అడ్డం వచ్చాయి, దారిచ్చారు. అది నడవడం కింద రాదండి."

"గొర్రె ఎక్కడుంది?"

"పోనీ చక్రం పట్టేసింది. తప్పు చక్రానిది. చక్రం మర్చిపోయింది నేను కాబట్టి తప్పు నాది. నేనే చెబుతానండి. సైకిల్ పోతుందండి ఆంటీ, ఊరుకోండి."

ఆంటీ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ మంచు మీద పడ్డప్పుడు షీబాకి ఉన్నదున్నట్టు చెప్పలా నేను. మంచి చేశాననుకున్నా. నైట్ నర్సు నిజం చెప్పకుండా పోతే తెల్లారి వచ్చిన నర్సు ఏమైపోవాల? ఏ మందు ఇచ్చారో తెలవదు, ఎక్కడ నొప్పో తెలవదు. చీకట్లో తడుముకోవాల." కొంగు మళ్ళీ భుజం మీద సర్దుకుంది. "నా తర్వాత డ్యూటీ దానిదేనయ్యా. నా సంగతి దానికి సరిగ్గా తెలియాల."

నా దగ్గర జోకు ఉంటుందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు. చివరి మైలు ఇద్దరం బెల్లు లేకుండా దిగాం.

సముద్రం ఒడ్డున బెంచీ మీద సుజాత, షీబా చిప్స్ తింటూ కూర్చున్నారు. ఆంటీ మలుపు తిరిగి కనిపించగానే షీబా లేచి నిలబడింది. పందెంలో అవతలి పక్క మనిషి అయినా చప్పట్లు కొట్టింది. ఆంటీ సైకిల్‌ని బెంచీకి ఆనించి, కూతురి ఎదురుగా నిటారుగా నిలబడి, వార్డులో నిలబడ్డట్టు చేతులు ముందు కట్టుకుంది.

"పదీ ఇరవైకి బయలుదేరాం. రెండుసార్లు నీళ్ళకి ఆగా. ఎనిమిదో మైలు దగ్గర మెరక ఉంది. సగంలో ఊపిరి అందలా. దిగి నడిచా. ముప్ఫై రెండు అడుగులు. ఛాతీలో నొప్పి రాలా. పైన గోడ మీద కూర్చున్నా, నాలుగు నిమిషాల్లో సర్దుకుంది. పోయిన చలికాలం నుంచే మెట్లెక్కితే ఇట్టా ఉంటోంది. జీపీ డాక్టరుకి చెప్పలా. నీక్కూడా చెప్పలా. ఇప్పుడు చెప్తున్నా."

సుజాత నా వంక చూసింది. నేను సైకిల్ వంక చూశాను. షీబా చేతిలో చిప్ ఒకటి అలాగే ఉండిపోయింది.

"పెయిన్ లేదు కదా?" అంది చివరికి.

"లేదు."

"జీపీ దగ్గరికి నెక్స్ట్ మండే వెళ్దాం. నేను వస్తాను."

"సరే."

"అబద్ధం ఏమీ లేదు కదా ఇందులో?"

"లేదమ్మా. కావాలంటే చూసుకో," అని ఆంటీ తన చెయ్యి చాపింది.

షీబాకి పల్స్ చూడటం రాదు. అయినా ఆ మణికట్టు పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. పందెం రాసిపెట్టుకున్న అంపైర్‌ని నేను. సైకిల్ సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారని ఎదురుచూస్తున్నాను. ఎత్తింది షీబానే. తెలుగులోనే అంది, అక్షరాలు ఒక్కొక్కటీ రోడ్డు దాటేవాళ్ళలా అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాయి.

"అయితే రేపు ముప్ఫై."

"ఏంది?" అంది ఆంటీ.

"రేపు ముప్ఫై అడుగులే నడవాలి. కారు ఫ్రైడే దాకా మనదే కదా."

మర్నాడు ఇరవై ఆరు. ఆ మర్నాడు వాన పడితే ఇంట్లోనే కూర్చుని పకోడీలు తిన్నాం. గురువారం ముప్ఫై ఒకటి. దానికి పకోడీలే కారణమని ఆంటీ హ్యాండోవర్‌లో చెప్పింది. సోమవారం జీపీ ఏవో మాత్రలు రాసి, తొక్కడం మానొద్దు, తొందరపడొద్దు అన్నాడు. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని ఆంటీ షీబా ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

పందెం మాత్రం ఎవరూ కొట్టేయలేదు. ప్రతి ఎండాకాలం అదే దారి, అదే మెరక. వంతెన రిపేరు అయిపోయాక కూడా ఆంటీ ఆ మెరక మీదుగానే వెళ్తానంది. రెండో ఏడు పంతొమ్మిది. మూడో ఏడు నలభై నాలుగు. ఆ ఏడు అంకె విన్నాక షీబా చిప్స్ డబ్బా అమ్మ ఒళ్ళో పెట్టింది. నాలుగేళ్ళూ ఆంటీ ఓడిపోతూనే ఉంది, సైకిల్ ఆంటీ దగ్గరే ఉంది.

నాలుగో ఏడు షీబా నన్ను అంపైర్ ఉద్యోగంలోంచి తీసేసింది. తనకీ ఒక సైకిల్ అద్దెకి తీసుకుని అమ్మతో పాటు బయలుదేరింది. నేనూ సుజాతా సముద్రం ఒడ్డున కూర్చున్నాం. వాళ్ళు మామూలుగా వచ్చే వేళ దాటింది. ఇంకో ముప్పావుగంట దాటింది. సుజాత లేచి నిలబడటం, కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పుడు మలుపులో కనిపించారు. దిగుడులో కూడా తొక్కడం లేదు. ఇద్దరూ సైకిళ్ళు తోసుకుంటూ పక్కపక్కన నడిచి వస్తున్నారు. ఏదో మాటకి ఆంటీ ఆగి మరీ నవ్వుతోంది.

దగ్గరికి వచ్చాక పాత ఉద్యోగం కొద్దీ అడిగాను, ఎన్ని అడుగులని.

ఆంటీ కూతురి వంక చూసింది. ఎప్పుడూ తనే చెప్పే మనిషి, ఆ రోజు మాట షీబాకి వదిలేసింది.

"లెక్క మర్చిపోయాం అంకుల్," అంది షీబా. "మాట్లాడుకుంటూ నడిచాం."